పాత కీబోర్డు, కొత్త కంప్యూటరు: స్వరములు చేతులు మారిన చరిత్ర

ఈ సంగతులను మొదట రేడియో ప్రసంగముగా చెప్పినప్పుడు సమయము చాలక కొన్ని వదిలివేయవలసి వచ్చింది. పత్రికలో చోటు దొరికింది గనుక వాటిని కూడా కలిపి వ్రాస్తున్నాను.

మీ బైబిలు తెరచి 22వ కీర్తన తీయండి. మొదటి వచనమునకు పైన చిన్న అక్షరములతో ఒక శీర్షిక ఉంటుంది. మనము దానిని సాధారణముగా చదవము, దాటిపోతాము. ప్రధాన గాయకుని పేర, అయ్యెలెత్ షహరు అనే రాగము మీద పాడవలెనని అక్కడ ఉన్నది. ఆ హెబ్రీ మాటలకు ఉదయకాలపు లేడి అని అర్థము. ఆ దినములలో అందరికీ తెలిసిన ఒక పాట వరుస అది అయి ఉండవచ్చునని పండితులు చెబుతారు. సిలువ మీద మన ప్రభువు పలికినది ఈ కీర్తనలోని మాటలే. మాటలు మనకు చేరాయి. వరుస పేరు కూడా చేరింది. వరుస మాత్రము చేరలేదు. దావీదు దినములలో ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబముల నుండి ప్రవీణులైన గాయకులు 288 మంది ఉండిరని మొదటి దినవృత్తాంతముల గ్రంథము 25వ అధ్యాయములో లెక్క ఉన్నది. అంత మందికి నోటికి వచ్చిన వరుసలో ఒక్క స్వరము కూడా ఈ రోజు ఎవరికీ తెలియదు.

ఇటువంటి నష్టము మన ప్రాంతములో జరగలేదని అనుకోవద్దు. ఆళ్లగడ్డకు దగ్గరలోనే అహోబిలము ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యులు అక్కడ చదువుకున్నాడని చెబుతారు. ఆయన విశ్వాసము వేరు, మన విశ్వాసము వేరు. చరిత్రగా మాత్రము ఇది మనము తెలుసుకోదగినది. ఆయన కీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చినప్పుడు చూస్తే పాటలు 12 వేలకు పైగా ఉన్నాయి. ప్రతి పాటకు రాగము పేరు ఉన్నది. స్వరములు లేవు. రాగి చెడలేదు, అక్షరము చెడలేదు, పాడిన గొంతులు మాత్రము మధ్యలో తెగిపోయాయి. అందుచేత ఈనాడు మనము వినే అన్నమయ్య పాటలలో ఎక్కువ భాగమునకు వరుసలు 20వ శతాబ్దములో విద్వాంసులు కొత్తగా కట్టినవే.

ఇప్పుడు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీయండి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలుకొని మన పితరులు వ్రాసిన పాటల పైన ఏమున్నది? రాగము పేరు, తాళము పేరు. అంతే. మనము ఆ పాటలను పాడగలుగుతున్నామంటే పుస్తకము చూసి కాదు, మన అమ్మలు, అవ్వలు పాడగా విన్నాము గనుక. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతములలో 19వ శతాబ్దములో ఎస్.పి.జి. మిషను వారు పని చేసిన నాటి నుండి పాటలు ఈ విధముగానే గొంతు నుండి గొంతుకు దాటుతూ వచ్చాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన సంవత్సరము నంద్యాలలో మా సంఘపు కీబోర్డు విషయములో ఇదే ప్రశ్న నా ముందుకు వచ్చింది. అది యమహా డిఎక్స్7. 1983లో వచ్చిన మోడలు, మద్రాసులో సెకండ్ హ్యాండులో కొన్నది. దానిని దాదాపు ముప్పయి ఏళ్ళు వాయించిన సహోదరుడు ఆళ్లగడ్డవాడు. ఆదివారము తెల్లవారుజామున బస్సెక్కి నంద్యాలకు వచ్చి, ఆరాధన అయ్యాక మళ్ళీ బస్సెక్కేవాడు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత కొన్ని నెలలకు ఒక యౌవనస్థుడు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, లోపలి బ్యాటరీ అయిపోవస్తోంది. అది పోతే అన్న చేసిన స్వరాలన్నీ పోతాయి" అన్నాడు.

ఆ మాట అర్థము కావాలంటే కొంచెము వెనుకకు వెళ్ళాలి.

1970లో అమెరికాలో మినీమూగ్ అనే సింథసైజర్ వచ్చింది. దాని మీద నచ్చిన ధ్వని కావాలంటే వరుసగా ఉన్న గుండ్రటి నాబ్‌లను ఒక్కొక్కటి తిప్పి సరిచేసుకోవాలి. మరొక ధ్వని కోసము తిప్పితే మొదటిది పోయినట్టే, ఎందుకంటే పెట్టెకు జ్ఞాపకము లేదు. అందుకని నాబ్‌ల బొమ్మ అచ్చు వేసిన కాగితముల మీద ఏ నాబ్ ఎంత దూరము తిరిగి ఉన్నదో పెన్సిలుతో గుర్తు పెట్టుకొనేవారు. 1978లో డేవ్ స్మిత్ అనే ఇంజనీరు కంపెనీ ప్రాఫెట్-5 అనే వాయిద్యము తెచ్చింది. అందులో చిన్న కంప్యూటరు చిప్పు ఉండి, నాబ్‌ల స్థానములను అంకెలుగా గుర్తు పెట్టుకొనేది. ఆ పేరు పెట్టినవారికి ప్రవక్తలంటే ఎంత భక్తి ఉండేదో నేను చెప్పలేను గాని, ప్రాఫెట్ అంటే ప్రవక్త అని మీకు తెలుసు.

జ్ఞాపకము వచ్చింది, అది నిండితే ఎక్కడ పెట్టాలి? 1981, 1982 ప్రాంతములలో వచ్చిన కోర్గ్ పాలీసిక్స్, రోలాండ్ జూనో-60 వంటి వాటికి మనము పాటలు వినే మామూలు టేపు రికార్డరునే తగిలించేవారు. కీబోర్డు తన అంకెలను కీచుమనే ధ్వనిగా మార్చి క్యాసెట్టులోకి పంపేది. ఆ క్యాసెట్టు వేసి వింటే చెవులు గింగురుమంటాయి. తిరిగి కీబోర్డుకు వినిపిస్తే దానికి మాత్రము అర్థమవుతుంది. రేడియో శ్రోతలైన మీకు మరొక ముచ్చట: 1980లలో హాలండు దేశపు రేడియోలో కంప్యూటరు ప్రోగ్రాములను ఇటువంటి కీచుధ్వనిగానే ప్రసారము చేసేవారు. శ్రోతలు టేపులో పట్టుకొని తమ కంప్యూటర్లకు వినిపించుకొనేవారు.

అయితే ఒక కంపెనీ వాయిద్యము మాట మరొక కంపెనీ వాయిద్యమునకు తెలియదు. బాబెలు గోపురము దగ్గర జరిగినట్టే. 1981లో డేవ్ స్మిత్ ఒక ఉమ్మడి భాష కావాలని ఇంజనీర్ల సభలో పత్రము సమర్పించాడు. జపానులో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి అదే ఆలోచనతో ఉన్నాడు. రోలాండ్, యమహా, కోర్గ్, కవాయి, స్మిత్‌గారి సీక్వెన్షియల్ సర్క్యూట్స్, బజారులో ఒకరి గిరాకీ ఒకరు లాక్కొనే ఈ కంపెనీలు ఒక ఒప్పందమునకు వచ్చాయి. దాని పేరు మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాయిద్యముల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600కు, రోలాండ్ జూపిటర్-6కు మధ్య ఒక తీగ తగిలించారు. ఒకదాని మెట్టు నొక్కితే రెండవది మ్రోగింది. ఈ భాషను వాడుకొనేందుకు వారు రుసుము పెట్టలేదు. స్మిత్‌కు, కకెహాషికి 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారము వచ్చింది. కకెహాషి 2017లో, స్మిత్ 2022లో చనిపోయారు. 2020లో రెండవ సంచిక వచ్చేదాకా 37 సంవత్సరములు ఆ భాష 1.0 గానే నడిచింది.

వ్యాపారులు రెండేళ్ళలో చేసుకున్న ఒప్పందమును చూసి సంఘ కాపరిగా నేను కొంచెము తల వంచుకొన్నాను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములలో చాలా భాగము అందులో చేరలేదు. చేరేసరికి 1975 అయింది. ఎవరి కారణములు వారికి ఉండెను, ఆ తగవు ఇక్కడ తెరవను.

ఈ మిడి తీగలో వెళ్ళేది ఏమిటి? చాలామంది స్వరము వెళ్తుందనుకొంటారు. వెళ్ళదు. ఒకప్పటి మనియార్డరు గుర్తు తెచ్చుకోండి. నంద్యాల పోస్టాఫీసులో మీరు కట్టిన నూరు రూపాయల నోటు ఆళ్లగడ్డకు పోయేది కాదు. ఫలానా వారికి నూరు రూపాయలు ఇమ్మనే ఆజ్ఞ మాత్రమే పోయేది. ఆళ్లగడ్డ పోస్టుమాను అక్కడి డబ్బు ఇచ్చేవాడు. మిడి కూడా అంతే. 60వ నంబరు మెట్టు నొక్కబడింది, ఇంత బలముతో నొక్కబడింది, ఇప్పుడు వదలబడింది, ఈ వార్తలే వెళ్తాయి. ధ్వనిని అవతలి వాయిద్యము తన దగ్గర ఉన్నదానితో చేసుకొంటుంది. అవతల వీణ ధ్వని ఉంటే వీణగా, తప్పెట ఉంటే తప్పెటగా మ్రోగుతుంది. మన కీర్తనల పుస్తకములో రాగము, తాళము పేర్లు ఉన్నట్టే ఇది. చదివేవాని దగ్గర సరుకు ఉండాలి.

మెట్ల వార్తలతో పాటు ఆ తీగలో మరొక రకపు సందేశము కూడా పోగలదు. వాయిద్యము తన జ్ఞాపకమునంతా మూటగట్టి పంపవచ్చు. 240 అనే అంకెతో అది మొదలవుతుంది, వెంటనే కంపెనీ సంఖ్య ఉంటుంది. యమహాకు 67. వేరే కంపెనీ వాయిద్యములు ఆ సంఖ్య చూసి, ఇది మన ఉత్తరము కాదని వదిలేస్తాయి. చివర 247తో ముగుస్తుంది. డిఎక్స్7లో 32 స్వరములు నిలువ ఉంటాయి, ఒక్కొక్కటి 128 బైట్లు, మొత్తము 4,096. ముందు వెనుక గుర్తులు కలిపితే 4,104. మిడి తీగ వేగము సెకనుకు 31,250 బిట్లు గనుక ఇదంతా సెకనున్నర లోపే దాటిపోతుంది. ఒక మనిషి ముప్పయి ఏళ్ళ పని సెకనున్నర.

ఆ 32 స్వరములలో చాలావాటిని మా సహోదరుడు తన చేతులతో మార్చుకొన్నాడు. ఒకటి సన్నాయిని తలపించేది, ఒకటి పాత కాలి హార్మోనియము. స్వరము పేరుకు ఆ చిన్న తెర మీద పది ఇంగ్లీషు అక్షరములకే చోటు ఉంటుంది. ఆయన తన సన్నాయికి ముత్యాలపాడు పేరు పెట్టుకొన్నాడు. ఇంగ్లీషులో దానికి పదకొండు అక్షరములు కావాలి. అందుచేత తెర మీద ముత్యాలపాడ్ అని వస్తుంది, చివరి అక్షరము పట్టలేదు. ఇవన్నీ నిలిచి ఉండేది లోపల బోర్డుకు అతికించిన రూపాయి బిళ్ళంత మూడు వోల్టుల బ్యాటరీ మీద. అటువంటి బ్యాటరీ ఎన్నో ఏళ్ళు వస్తుంది, ఎల్లకాలము రాదు. దానిని ఊడదీసిన క్షణమున జ్ఞాపకము చెరిగిపోతుంది. కాబట్టి ముందు కంప్యూటరులోకి ఎత్తుకోవాలి, తరువాత బ్యాటరీ మార్చాలి, ఆ తరువాత కంప్యూటరు నుండి తిరిగి నింపాలి.

యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము చదివారా? యెరూషలేము ముట్టడిలో ఉండగా ప్రవక్త అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొన్నాడు. క్రయపత్రము రెండు ప్రతులు, ఒకటి ముద్ర వేసినది, ఒకటి ముద్ర లేనిది. రెండింటినీ బారూకుకు అప్పగించి, చాలా కాలము నిలుచునట్లు మట్టి కుండలో పెట్టించాడు. నాలుగు అధ్యాయముల తరువాత యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కత్తితో కోసి కుంపటిలో వేస్తాడు. ప్రవక్త మళ్ళీ చెప్పగా బారూకు మళ్ళీ వ్రాశాడు. చెప్పే నోరు బ్రతికి ఉన్నది గనుక మళ్ళీ వ్రాయగలిగాడు. మాకు ఆ అవకాశము లేదు. మా వాడు సమాధిలో ఉన్నాడు.

మొదటిసారి మేము చేసిన ప్రయత్నము పాడయింది. యౌవనస్థుడు చవకగా దొరికిన ఒక యుఎస్‌బి మిడి తీగ తెచ్చాడు. మెట్లు నొక్కితే వార్తలు చక్కగా పోతున్నాయి. కీబోర్డు మీద ఫంక్షన్ బటను నొక్కి, 8వ బటనుతో ముందు సిస్టమ్ సమాచారము అందుబాటులో ఉన్నదని పెట్టి, తరువాత పంపమంటారా అని తెర అడిగితే ఎస్ నొక్కాము. కంప్యూటరులో ఫైలు వచ్చింది. సంతోషపడి స్తోత్రము కూడా చెప్పాము. తీరా చూస్తే ఫైలు 4,104 బైట్లకు తక్కువగా ఉన్నది. చిన్న వార్తలను దాటించగలిగిన ఆ తీగ, పొడుగు సందేశము వచ్చేసరికి మధ్యలో కొంత మింగేసింది. పిల్లవాడు లెక్క చూడకుండా బ్యాటరీ ఊడదీసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

లెక్క చూడడము పాత అలవాటే. యూదుల శాస్త్రులు పాత నిబంధన ప్రతులు వ్రాసేటప్పుడు ఒక్కొక్క గ్రంథము చివర వచనములెన్నో గుర్తు వేసేవారు. ఆదికాండమునకు 1,534. లెక్క కుదరకపోతే ఎక్కడో తప్పు జారినట్టు. డిఎక్స్7 కూడా తన 4,096 అంకెల కూడిక నుండి తీసిన ఒక సరిచూపు అంకెను చివర జతచేస్తుంది. పుచ్చుకొనే వాయిద్యము అవే అంకెలను తాను కూడి చూసుకొంటుంది. కుదరకపోతే ఒప్పుకోదు.

తెలిసినవారి దగ్గర మంచి ఇంటర్‌ఫేసు అరువు తెచ్చి మళ్ళీ చేశాము. 4,104 వచ్చింది. మూడుసార్లు ఎత్తుకొని మూడింటినీ పోల్చి చూశాడు, ఒక్క అంకె తేడా లేదు. ఒక రేడియో మెకానిక్ పాత బ్యాటరీని టంకము కరిగించి తీసి, ఈసారి సులువుగా మార్చుకొనేటట్లు ఒక హోల్డరు బిగించాడు. స్విచ్చి వేస్తే తెర మీద పేర్లన్నీ పిచ్చిరాతలు. కంప్యూటరు నుండి తిరిగి పంపాము. కీబోర్డు పుచ్చుకోలేదు. మెమరీ ప్రొటెక్టెడ్ అన్నది. లోపల ఏమీ లేకపోయినా తాళము మాత్రము వేసి ఉన్నది! దిట్టమైన ప్రసంగము విని ఏమీ పుచ్చుకోకుండా ఇంటికి వెళ్ళేవారు నాకు గుర్తుకు వచ్చారు, నవ్వు కూడా వచ్చింది. తాళము తీసి మళ్ళీ పంపితే 32 స్వరములు తిరిగి కూర్చున్నాయి. ముత్యాలపాడ్ కూడా, చివరి అక్షరము లేకుండానే.

ఆ ఆదివారము యౌవనస్థుడు ఆనందభైరవి రాగములోని ఒక పాత కీర్తన అదే స్వరముతో వాయించాడు. ధ్వని అదే. పాట మాత్రము వేరుగా వినబడింది. పెద్దవాళ్ళు ఒకరి ముఖము ఒకరు చూసుకొన్నారు.

కారణము రెండు రోజుల తరువాత తెలిసింది. మెట్ల వాయిద్యములో ఒక మెట్టుకు, పక్క మెట్టుకు నడుమ ఏమీ లేదు. మన రాగములు నిలిచేది ఆ నడుమనే. గమకము పలకదనే ఫిర్యాదు మీదే ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియమును నిషేధించి, 1971లో గాని ఆ నిషేధమును సడలించలేదు. సింథసైజర్‌కు ఎడమ పక్కన ఒక చక్రము ఉంటుంది. దానిని తిప్పితే స్వరము పైకో కిందికో జారుతుంది. మా సహోదరుడు కుడి చేత్తో మెట్లు, ఎడమ చేత్తో చక్రము ఆడించి గమకము పలికించేవాడు. చక్రము కొసదాకా తిప్పితే స్వరము ఎన్ని మెట్లు జారాలో 0 నుండి 12 వరకు పెట్టుకోవచ్చు. ఈ సంఖ్యను తొలి డిఎక్స్7 స్వరములతో కలిపి దాచదు, వేరే దాస్తుంది. కాబట్టి మేము ఎత్తుకొన్న 4,104 బైట్లలో అది లేదు. బ్యాటరీతో పాటు పోయింది. ఆయన వాయించినదంతా మిడి ఫైలుగా పట్టుకొని ఉన్నా సరిపోయేది కాదు, ఎందుకంటే చక్రము ఎక్కడ ఉన్నదో మిడి చెబుతుంది గాని, ఎన్ని మెట్లు జారిందో చెప్పదు. అది పుచ్చుకొనే వాయిద్యములో పెట్టుకోవలసినది. 32 స్వరములను కాపాడామని అనుకొన్నాము. ఒక్క అంకెను ఎవరమూ కాగితము మీద వ్రాసి పెట్టలేదు.

ఆయన ఆ కీర్తన నేర్చుకొన్నది ఎవరి దగ్గరో ఆయన భార్యకు తెలుసు. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఒక అవ్వ ఉన్నది, చిన్నప్పుడు ఆమె పాడగా విని పట్టుకొన్నాడట. కీబోర్డును దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకొని వెళ్ళాము. దారిలో ఆళ్లగడ్డ శిల్పుల కొట్టముల ముందు సగము చెక్కిన రాళ్ళు ఎండలో ఉన్నాయి. వాటికి బ్యాటరీ అక్కరలేదు గదా అని పిల్లవాడు అన్నాడు.

అవ్వ మంచము మీద కూర్చుని పాడింది. గొంతు వణుకుతున్నది, స్వరము తప్పడము లేదు. పిల్లవాడు జారుడు సంఖ్య 2 పెట్టి వాయించాడు.

"అట్ల కాదు నాయనా. ఇంగొంచెం దిగల్ల" అన్నది.

3 పెట్టాడు. అవ్వ తల అడ్డముగా ఊపింది. 4 పెడితే, "అయ్యో, మరీ జారిపోయె" అని నవ్వింది. అప్పుడు నాకు తట్టింది, సంఖ్య ఒక్కటే కాదు, చక్రమును ఎంత వేగముగా వదలాలో కూడా ఉన్నది. పిల్లవాడు మళ్ళీ 3 పెట్టి, ఈసారి ఆమె నోటి వంక చూస్తూ, ఆమెతో పాటు చక్రము నెమ్మదిగా వదిలాడు. అవ్వ ఏమీ అనలేదు. రెండవ చరణము ఎత్తుకొన్నది, వాడు వెంట వెళ్ళాడు.

ఆ సాయంకాలము మూడుసార్లు పాడించుకొని, ఆమె గొంతును ఫోనులోను, వాడి వాయింపును కంప్యూటరులోను పట్టుకొన్నాము. జారుడు సంఖ్య 3 అని ఒక చీటీ వ్రాసి కీబోర్డు అడుగున అతికించాము. అదే మాట సంఘపు మినిట్సు పుస్తకములో కూడా, తేదీతో, ఇద్దరు పెద్దల సంతకములతో వ్రాయించాను. అవ్వకు ఇంకా పద్నాలుగు పాటలు వచ్చునని చెప్పింది. వచ్చే శనివారము మళ్ళీ వెళ్తున్నాము.